ఒంటిచేతి అగ్గి

నేను ఒక లైటరును. బడ్డీకొట్టు ముందు తాడుకు వేలాడుతూ వచ్చేపోయేవాళ్ళ బీడీలు ముట్టించే ప్లాస్టిక్ లైటరును మాత్రం కాను, ముందే చెబుతున్నాను. నాది లోహపు ఒళ్ళు, వెండి రంగు పూత. నా మంట పచ్చగా అటూ ఇటూ ఊగదు. నీలంగా, సన్నగా, బుస్సుమంటూ లేస్తుంది. ఎంత గాలి కొట్టినా ఆరదు. సిగార్ అని దొరల చుట్ట ఒకటుంటుందే, దాన్ని ముట్టించడానికి నన్ను చేశారు. ఏ దేశంలో చేశారంటే చెప్పలేను. నా అడుగున ఏదో చెక్కి ఉందట గానీ, నా అడుగు నాకెలా కనబడుతుంది?

ఖాళీ కడుపుతో ఓడెక్కి విశాఖపట్నంలో దిగాను. ఓడరేవులో ముప్పైరెండేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరైన రామభద్రరాజు గారికి, తోటివాళ్ళు నన్ను కానుకగా ఇచ్చారు. ఒక పెట్టె, అందులో నేను, పక్కన గ్యాస్ డబ్బా, అయిదు సిగార్లు. ఆయనకు అంతవరకూ పొగ అలవాటే లేదు. ఇచ్చినవాళ్ళ మాట తీసెయ్యలేక అలవాటు చేసుకున్నారు. మనుషుల మొహమాటం ఎంత దూరమైనా పోతుందని నాకు ఆ రోజే తెలిసింది.

నాలో గ్యాస్ నింపడం ఆయన ఎలా చేసేవారో చెబితే నవ్వుతారు. నన్ను నిలువుగా పట్టుకుని, డబ్బాను అడ్డంగా ఆనించి నొక్కేవారు. సగం గ్యాస్ ఆయన వేళ్ళ మీదే పోయేది. పైగా నోట్లో సిగార్ వెలుగుతూ ఉండేది!

"ఏవండీ! ముందు దాన్ని ఆర్పండి. ఇల్లు తగలెడతారా ఏమిటి?" అని ఆయన భార్య సుభద్రాయమ్మ గారు వంటింట్లోంచి కేకలేసేవారు.

అసలు తప్పు ఇంకొకటి ఉంది. నేను ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు, లోపల గాలి ఉంటుంది. ఆ గాలిని బయటికి పంపకుండా గ్యాస్ కూరితే దానికి చోటెక్కడిది? దూరిన కాస్తా నాలుగు మంటలకే అయిపోయేది. తరువాత తుమ్మినట్టు ఫట్‌మని ఆరిపోయేదాన్ని. ఆయన నన్ను బల్లకేసి కొట్టారు, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు, మంట పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పారు. మళ్ళీ గ్యాస్ కూరారు. ఓడల మీంచి టన్నుల బరువు దింపే క్రేన్లను నడిపించిన మనిషి, నాతోపాటు వచ్చిన కాగితాన్ని ఒక్కసారి విప్పి చూడలేదు. అందులో తెలుగు లేదు, నిజమే. కానీ బొమ్మలున్నాయి!

"ఫారిన్ సరుకని అంటగట్టారు. ఉత్త డొక్కు," అని తీర్పు చెప్పి నన్ను సొరుగులో పడేశారు. చచ్చిన బ్యాటరీలు, ఏ తాళానివో తెలియని చెవులు, ఒంటి కన్ను కళ్ళజోడు. వాటి మధ్య రెండేళ్ళున్నాను. ఒళ్ళు మండిపోయింది, మంట మాత్రం లేదు.

నన్ను ఆ సొరుగులోంచి బయటికి తెచ్చింది దేముడమ్మ. ఆమెది పెదజాలారిపేట. ఇరవై ఏళ్ళు ఆ ఇంటి గుమ్మంలో చేపల తట్ట దించిన మనిషి. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, ముఖంలో ఆ పక్క కదలిక తగ్గింది. తట్ట మోయడం మానేసింది. ఒకరోజు పొద్దున్నే, సుభద్రాయమ్మ గారిని చూసి పోదామని మెల్లగా నడిచి వచ్చి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి రొంటినుంచి చుట్ట తీసింది. అగ్గిపెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించి పుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. రెండోది విరిగింది. మూడోసారి పెట్టే జారి కింద పడింది.

"ఇలా ఇవ్వు, నేను గీస్తాను," అన్నారు సుభద్రాయమ్మ గారు.

దేముడమ్మ పెట్టె ఇవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వొద్దమ్మా. ఇంటికాడా ఇదే వరస. కూడెడతారు, నీళ్ళిత్తారు, అన్నీ సేత్తారు. అగ్గికి కూడా ఒకల్ని అడగాలంటే సిగ్గేత్తంది. అగ్గిపుల్ల గీసుకోలేని బతుకు ఏటి బతుకమ్మా?"

వరండాలో పేపరు చదువుతున్న రాజుగారికి నేను గుర్తొచ్చాను. సొరుగు లాగి నన్నూ, డబ్బానూ తెచ్చారు. "ఒంటిచేత్తో వెలిగేదే దేముడమ్మా. కానీ వెలగదు," అన్నారు.

ఆమె నన్ను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చేప తాజాదా కాదా అని చెవులెత్తి చూసే చూపది. కింద ఉన్న చిన్న రంధ్రాన్ని గోటితో తడిమింది. "బాబూ, గేసు పోసీ ముందు గాలి తీసినారా?"

"గాలేంటి?"

"మా పంపు టవ్వుకి కిరసనాయిలు పొయ్యాలంటే ముందు మర ఇప్పి గాలి ఒగ్గీయాల. గాలుండగా పోత్తే ఎల్లదు, ఎల్లినా సరిగ్గా మండదు. ఇదీ ఆ జాతే లాగుంది. ఒక పిన్నీసియ్యండమ్మా."

ఆహా! ఇంజనీరు గారికి తట్టనిది ఈమెకు తట్టింది. నన్ను తలకిందులుగా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పిన్నీసు మొనతో రంధ్రంలో నొక్కింది. సుయ్‌మంటూ రెండేళ్ళ గాలి బయటికి పోయింది. ఎంత హాయిగా ఉందో! శబ్దం ఆగేదాకా నొక్కుతూనే ఉంది. తరువాత ఖాళీ పెన్ను రీఫిల్ ఒకటి అడిగి తీసుకుని, నా మూతి దగ్గర పెట్టి ఉఫ్‌మని ఊదింది. బట్టనూలు, పొగాకు పొడి లేచిపోయాయి. మంట చక్రాన్ని బాగా తగ్గించింది. అప్పుడు డబ్బాను బోర్లించి, నిటారుగా నా మీద ఆనించి, మూడు లెక్కపెట్టేంతసేపు నొక్కింది. ఒక్క చుక్క చిమ్మలేదు. నా కడుపు చల్లబడింది.

రాజుగారు చెయ్యి చాచారు. "ఇప్పుడే కాదు బాబూ. సల్లగున్నాది, సుట్టూ వాసనున్నాది. కాసేపు ఒగ్గీండి," అంది. వాన గురించీ వంజరం చేప గురించీ మాట్లాడుకున్నారు. తరువాత బొటనవేలితో నొక్కింది.

బుస్సు! నీలి మంట.

దేముడమ్మ ముఖంలో కదిలే సగమంతా నవ్వింది. ఆర్పి మళ్ళీ వెలిగించింది. మళ్ళీ. నాలుగుసార్లు. "సెయ్యి ఒకటే సాలు! సూసినారా అమ్మా, ఒకటే సాలు!" రాజుగారు నన్నూ డబ్బానూ ఆమెకే ఇచ్చేశారు. చచ్చిందనుకున్న వస్తువును ఇచ్చెయ్యడం సులువు. బతికాక ఇవ్వడానికి ఆయన గొంతు కాస్త సవరించుకోవలసి వచ్చింది.

మరునాడు సముద్రపు ఒడ్డున నాకు జీవితంలో చూడని వింత ఎదురైంది. దేముడమ్మ చుట్ట ముట్టించుకుని, కాలుతున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసేసింది! నేను పుట్టించిన నిప్పు నోట్లోకి పోయింది. అడ్డపొగ అంటారట. గాలికి ఆరదట, బూడిద చీర మీద పడదట. గాలికి ఆరనని ఇన్నాళ్ళూ గొప్పలు పోయినదాన్ని, ఈ ఆడవాళ్ళు నాకంటే ముందే దానికో దారి కనిపెట్టారని తెలిసి నోరు మూసుకున్నాను.

ఆ దారికి ఖరీదు ఉంది. ఒకరోజు పళ్ళ డాక్టరమ్మ పేటకొచ్చి, వరసగా అందరి నోళ్ళూ చూసింది. దేముడమ్మ అంగిట్లో తెల్లమచ్చ ఉందంది. "ఇంకా ముదరలేదమ్మా. ఇవాళే మానెయ్. మానకపోతే పుండవుతుంది, ఆపైన నా చేతుల్లో ఉండదు," అని చెప్పింది.  ఆ సాయంత్రమే దేముడమ్మ చుట్టల కట్ట సముద్రంలో పడేసింది. నన్ను పడెయ్యలేదు. రొంటిలోనే ఉంచుకుని, నా మూత తెరుస్తూ మూస్తూ మూడు రోజులు కూర్చుంది. నాకు సొరుగు గుర్తొచ్చి భయం వేసింది. ఆమెకు ఏం గుర్తొచ్చిందో, ఆ మూత చప్పుడును బట్టి నాకు తెలుస్తూనే ఉంది. తనంతట తాను చేసుకోవడానికి మిగిలిన ఒక్క పనీ పోయింది.

నాలుగో రోజు ఆమె భర్త కొర్లయ్య వలల పాకలో నైలాన్ తాళ్ళు కోస్తున్నాడు. కోసిన కొసను కాల్చి అదమకపోతే తాడు పీచుపీచుగా విడిపోతుంది. సముద్రం మీంచి ఒకటే గాలి. అయిదు పుల్లలు గీశాడు, అయిదూ ఆరిపోయాయి. పెట్టె విసిరికొట్టి ఏదో తిట్టాడు.

"ఇటెట్టు తాడు," అంది దేముడమ్మ.

ఆయన కొస పట్టుకున్నాడు. నేను బుస్సుమన్నాను. ఆ గాలిలో కొస కరిగి ముద్దయింది. నన్ను పక్కన పెట్టి, ఆల్చిప్ప గుల్లతో అదిమి దాన్ని గట్టిపరిచింది. కొర్లయ్య ఆ కొసనూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "ఓలి నీ అమ్మా! భలేగుందే," అని ఇంకో కొస పెట్టాడు.

ఆ రోజు నలభై కొసలు. మర్నాటికి పక్క పాకలవాళ్ళూ తాళ్ళు మోసుకొచ్చారు. అక్కడ ఇసుక, ఉప్పు, చేప పొలుసు. నాలాంటిదానికి అంతకంటే పాడు చోటు ఉండదు. అయినా నేను చెడిపోలేదు. పని అయ్యాక నన్ను తుడిచి ప్లాస్టిక్ కవరులో చుడుతుంది. రీఫిల్ గొట్టంతో మూతి ఊదుతుంది. గ్యాస్ పోసే ముందు, ఎన్నిసార్లైనా సరే, ముందు గాలి తీస్తుంది. డాక్టరమ్మ రెండు నెలల తరువాత వచ్చి, మచ్చ పలచబడిందని చెప్పి వెళ్ళింది.

కొన్నాళ్ళకు రాజుగారు పాక దగ్గరికి వచ్చారు. జేబులోంచి గ్యాస్ డబ్బా, రెండు కొత్త లైటర్లు తీశారు. నాకంటే సొగసైనవి. "రెండూ పోయాయి దేముడమ్మా," అని నసిగారు. "పోనీ ఈ రెండూ నువ్వు తీసుకుని, నా పాతది నాకిచ్చెయ్యి."

 ఇచ్చినాయన అడుగుతున్నారు. ఇరవై ఏళ్ళ ఇల్లు. కాదనగలదా? దేముడమ్మ నన్ను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఇవ్వలేను బాబూ. దీనికి పనుంది, నాకూ పనుంది," అంది మెల్లగా. తరువాత పిన్నీసు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఆ రెండూ సావలేదు. గాలి తియ్యలేదు, అంతే. అప్పుడే సెప్పినాను కదా? ఇలా కూకోండి, మీరే తియ్యండి."

ఆయన ఇసుకలో కూర్చుని తీశారు. సుయ్‌మంది. చిన్నపిల్లాడిలా నవ్వారు. రెండూ నింపుకుని, వెలిగించి చూసుకుని, వెళ్ళబోతూ తన గ్యాస్ డబ్బాను ఆమె పక్కన పెట్టేసి వెళ్ళారు.

ఇంతలో పాక అవతలినుంచి కొర్లయ్య తాడు భుజాన వేసుకుని కేకేశాడు. "ఏటే, అగ్గుందా?"

దేముడమ్మ నా మూత తెరిచింది. "నా కాడ లేకపోతే ఇంకెవరి కాడుంటాది? ఇటు తే."