రావికమతం దాకా ఊపిరి

పైడిరాజుకి అన్నీ వినిపిస్తున్నాయి. అదే అతని ఖర్మ. రెప్ప లేవదు, నాలుక కదలదు, గొంతులో గొట్టం. చెవులు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి.

నిన్న తెల్లవారుజామున చెరకు తోటలో, మోటారు షెడ్డులో నేల మీద పడుకుంటే కట్లపాము కాటేసింది. చీమ కుట్టిందనుకున్నాడు. టీ తాగేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. అనకాపల్లి ఆసుపత్రి గుమ్మంలో ఊపిరి ఆగిపోయింది. ఇప్పుడు మంచం పక్కనున్న వెంటిలేటరే అతని బదులు ఊపిరి పోస్తోంది. బుస్సుమని గాలి తోస్తుంది, రొమ్ము లేస్తుంది. తోయడం ఆపుతుంది, రొమ్ము దిగుతుంది. ఇంకొంచెం గాలి ఇవ్వవే అని అతనెంత బతిమాలుకున్నా దానికి పట్టదు. మొదట్లో దాన్ని నోరారా తిట్టుకున్నాడు, నోరు లేకపోయినా. తర్వాత అది చెప్పినట్టు వినడమే సుఖమని తెలుసుకున్నాడు.

మధ్యాహ్నం చూడ్డానికి వదిలిన వేళకి భార్య కనకమహాలక్ష్మి, ఆమె అన్న నానాజీ లోపలికొచ్చారు.

"అయిపోయేడే కనకం. కట్టెలాగున్నాడు సూడు," అన్నాడు నానాజీ. "ఆ మిసనెక్కినోడు దిగొచ్చినట్టు మనూళ్ళో ఎవుడైనా సెప్పేడా?"

"అలా అనకండి," అంది నర్సు హాసిని. "విషానికి ఒంట్లో కండరాలన్నీ పడిపోయాయి. ఊపిరి తీసేవి కూడా. మందు పనిచేసి అవి కోలుకునేదాకా మెషిన్ ఊపిరి ఇస్తుంది, తర్వాత ఆయనే తీసుకుంటారు. మన మాటలు ఆయనకి వినబడుతుండొచ్చు."

"ఇనబడితే కన్నైనా ఇప్పడా సిస్టరూ?"

"రెప్పలెత్తేవీ కండరాలే కదండీ."

నానాజీ చెడ్డవాడు కాదు. బావంటే అతనికి ప్రాణం. అసలు ప్రమాదం అక్కడే వచ్చింది. ఇంటి బయట పోయిన మనిషిని వాళ్ళ ఊళ్ళో గడప దాటించి లోపలికి తేరు. బావ వీధిలో పడుండడం అతను తట్టుకోలేడు.

"సేత్తో నొక్కే గాలి సంచి ఉంటాదంట. మనూరు రావికమతం దాకా నేనే నొక్కుతాను. ఇంట్లో మంచమ్మీద పడుకోబెట్టి, అందరూ సూసేక ఆపేద్దుము. గౌరవంగా ఎల్తాడు. బండి కిందే ఉంది."

పైడిరాజు గుండె దడదడలాడింది. ఒరే నానాజీ, నా ఇంటికి తీసుకెళ్ళి మరీ చంపుతావురా! పైనున్న మానిటర్ కీచుకీచుమని అరిచింది.

"సూసేవా, గుండెలా కొట్టుకుంటందో! ఆకరి గడియ. ఏగిరం సెప్పమ్మా!"

భయపడితే అదీ చావు కిందే జమయింది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

కనకం చాలాసేపు ఏడ్చింది. "సరే అన్నయ్యా," అంది చివరికి. హాసిని డాక్టరు కోసం పరుగెత్తింది.

కనకం దుప్పటి తొలగించి, మొగుడి పాదాలు రెండూ పట్టుకుని నుదురు ఆనించింది. పెళ్ళినాడు తప్ప ఏనాడూ ఆ కాళ్ళకి మొక్కని మనిషి. సెలవు తీసుకుంటోందని అతనికి అర్థమయింది. ఏడుపొచ్చింది.

ఉన్న బలమంతా కుడికాలి బొటనవేలికి పంపాడు. బురదలో దిగబడ్డ బండిని భుజంతో ఎత్తినట్టు ఎత్తాడు. కదల్లేదు. యంత్రం ఒక ఊపిరి పోసింది. మళ్ళీ ఎత్తాడు. వేలు ఆమె నుదుటి మీద రవ్వంత జరిగింది.

కనకం తలెత్తింది. "అన్నయ్యా, కదిలేడు."

"నరం అదిరుంటాది. పోయేముందు అలాగే..."

"నువ్వుండు!" వేలిని గుప్పిట్లో పట్టుకుంది. "ఇదిగో, ఇంటన్నావా? ఇంటికెలిపోదుమా? వద్దంటే ఏలు కదుపు. ఒక్కసారి కాదు, రెండుసార్లు."

రెండుసార్లట! ఏ పనీ ఒక్కసారితో ఒప్పుకోదు ఈ మనిషి. ఒళ్ళు మండింది, అంతకు మించి ప్రేమ ముంచుకొచ్చింది. కదిపాడు. రెండోదానికి బలం చాల్లేదు. యంత్రం ఒక ఊపిరి పోసింది, ఇంకొకటి పోసింది. నానాజీ నిట్టూర్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు కదిలింది వేలు.

కనకం ఆ చెయ్యి విదిలించి లేచింది. అన్నకీ యంత్రానికీ మధ్యన నిలబడింది.

"బండి పంపించెయ్. నా మొగుడు రానన్నాడు."