అద్దాల పెట్టెలో నిద్రగన్నేరు

తాతాజీకి ‘కాదండి’ అనే మాట నోటికి రాదు. నరసాపురం లైన్లో ఒక చిన్న స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసినన్నాళ్లూ ‘అలాగేనండి’ అంటూనే నెట్టుకొచ్చి రిటైరైపోయాడు. ఆ స్టేషను పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా పైకి అనరు. మా జిల్లాల్లో అందరికీ కొద్దో గొప్పో ఉన్న జబ్బే అది.

రిటైరయ్యాక ఆయనకి బొమ్మ రైలు పిచ్చి పట్టుకుంది. ఫోన్లో ఎవరో తెల్లాయన వీడియోలు చూసి, వరండాలో పాత తలుపు చెక్క పరిచి, దాని మీద తన స్టేషన్నే చిన్నది చేసుకున్నాడు. రైలు కొన్నాడు, పట్టాలు కొన్నాడు. కొన్న చెట్లు మాత్రం నచ్చలేదు.

“ఇయ్యి చెట్లేంటి, కాలీఫ్లవరు ముక్కల్లాగున్నాయి” అని పక్కన పడేశాడు.

“నీకు అరవయ్యేళ్లకి బొమ్మలాట వచ్చిందయ్యా” అని నవ్వేది భార్య నూకరత్నం.

నూకరత్నానిది చేపల బేరం. స్టేషను గేటు పక్కన పెద్ద నిద్రగన్నేరు చెట్టుంది. ఆమె పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ దాని కిందే బుట్ట దించుకుని కూర్చుంది. అంతకుముందు ఆమె అత్త కూర్చుంది. ఆ నీడలో బుట్టలోని ఐసు మధ్యాహ్నం బండి దాకా కరక్కుండా ఆగేది. బండి దిగినవాళ్లు చేపలు కొనుక్కుని ఇళ్లకి పోయేవాళ్లు. ఆ నీడే లేకపోతే ఆ బేరం లేదు. అందులో దాపరికం ఏమీ లేదు.

స్టేషను కొత్తగా కడతామని గోడకి డ్రాయింగు అంటించారు. చెట్టున్నచోట కార్ల పార్కింగని గీశారు. చెట్టు కింద కూర్చునే ఆడాళ్లంతా తాతాజీ ఇంటికొచ్చారు. రైల్వే మనిషివి, నువ్వే చెప్పాలన్నారు. ఆయన స్టేషను మాస్టరు శ్యాంబాబుకి అర్జీ ఇచ్చాడు. శ్యాంబాబు దాన్ని పైకి పంపాడు. పైకి పోయిన కాగితం కిందికి దిగడం మనం ఎప్పుడు చూశాం?

ఇంతలో పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నాడని తెలిసింది. తాతాజీకి ఒక ఆలోచన తట్టింది. ఆఫీసర్లకి కాగితం మీద చెట్టంటే ఒక ఆకుపచ్చ సున్నా. అదే చెట్టుని కొమ్మా రెమ్మతో, కింద మనుషులతో సహా కళ్లెదుట పెడితే ఏ మనిషికైనా నరికెయ్యమనడానికి నోరు రాదు. ఆయనకి ఆ నమ్మకం గట్టిగా కుదిరింది. చూపించి ఒక్క మాట అనాలి, ‘పార్కింగు పదడుగులు అటు జరిపితే చెట్టు ఉంటుందండి’ అని. చెట్టు చేస్తున్నంతసేపూ ఆ మాటే మంత్రంలా అనుకున్నాడు.

పాత సిగ్నలు కేబులు చీల్చి రాగితీగలు తీశాడు. వాటిని కట్టగా మెలేసి మాను చేశాడు. పైకి పోయేకొద్దీ పాయలు విడదీసి కొమ్మలు, మళ్లీ విడదీసి రెమ్మలు. రంపంపొట్టు, జిగురు కలిపి పూసి, ఆరకముందే సూదితో గీరి బెరడు తెప్పించాడు. మధ్యమధ్యలో స్టేషనుకి పోయి అసలు మానుని అరిచేత్తో తడిమి వచ్చేవాడు. తుఫానుకి విరిగిన కొమ్మ మొండిని కూడా వదల్లేదు.

ఆకులు పక్కింటి రెబెక్కా చేసింది. ఆమెకి లేసల్లడం చిన్నప్పట్నుంచీ వచ్చు. ఆకుపచ్చ దారంతో గోరంత లేసు ముక్కలు అల్లి, లేసుకి ఎప్పుడూ పెట్టినట్టే చిక్కగా గంజి పెట్టి ఆరేసింది. గొడుగులా విచ్చుకున్న ఆ కొమ్మలకి తాతాజీ వాటిని ఒక్కొక్కటే అతికించాడు. పైన గులాబీ దారపు కుచ్చులు పూలు. చివర్న చెట్టు కింద చిటికెన వేలంత నూకరత్నాన్ని బుట్టతో కూర్చోబెట్టాడు.

నూకరత్నం వంగి చూసుకుంది. ఈసారి నవ్వలేదు.

“ఇది చూశాక కొట్టరులే” అంది.

ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. అదే వచ్చిన చిక్కు. తాతాజీ స్టేషన్లో బల్ల మీద పెట్టిన చెట్టుని చూస్తూనే మురిసిపోయాడు. నాలుగు వైపుల్నుంచీ ఫొటోలు తీయించాడు. అప్పటికప్పుడు శాలువా తెప్పించి తాతాజీకి కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఎంత న్యాచురల్‌గా ఉందండీ! కొత్త హాల్లో గ్లాసు బాక్సులో పెట్టిద్దాం. రేపు ఆ చెట్టు పోయినా ఇది ఉంటుంది. ఏమంటారు తాతాజీ గారూ?” అంటూ మైకు ఆయన చేతికిచ్చాడు.

మాట నాలుక మీదే ఉంది. కానీ భుజాల మీద శాలువా ఉంది. అంత గౌరవించిన మనిషిని నలుగురిలో నిలబెట్టి ‘అలా కాదండి’ అనడం మర్యాదేనా? తాతాజీ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. గేటు దగ్గర ఆడాళ్ల మధ్య నూకరత్నం ఆయన నోటివైపే చూస్తోంది.

“అలాగేనండి. అంతా తమరి దయండి” అన్నాడు తాతాజీ.

ఇద్దరూ ఇంటికొచ్చారు. నూకరత్నం శాలువా అంచు పట్టుకుని చూసింది.

“బాగుందయ్యా. దీన్ని నాలుగు కర్రలకి కట్టు. కింద కూర్చుని అమ్ముకుంటాను.”

చెట్టుని రంపాలతో కోశారు. ఆ సాయంత్రం కిందపడున్న కొమ్మల మీద ఆకులు రోజూలాగే ముడుచుకున్నాయి. నూకరత్నం కొన్నాళ్లు గొడుగు వేసుకుని కూర్చుంది. బండి రాకముందే ఐసు నీరైపోయేది. చేప మెత్తబడిందని జనం ముక్కు మూసుకుని పోయేవాళ్లు. చివరికి బుట్ట అటక మీద పెట్టేసి, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి చేరింది. పొద్దస్తమానం ఐసులో చేతులు. సాయంత్రానికి వేళ్లు తెల్లగా నానిపోయి, అన్నం ముద్ద పట్టుకున్నా తెలిసేది కాదు. తాతాజీ ఆ వేళ్లకి కొబ్బరినూనె రాసేవాడు. క్షమించమని అడగాలని ఉండేది. అడిగితే ఆమె ఏమంటుందోనని భయం.

కొత్త స్టేషను తయారై, వర్షాలు పడ్డాక శ్యాంబాబు ఫోను చేశాడు. తాతాజీ వెళ్లి చూశాడు. కొత్త హాల్లో, లైటు వెలుగుతున్న అద్దాల పెట్టెలో, చెట్టు మోడైపోయి ఉంది. గంజి రుచికి బొద్దింకలు దూరి ఆకులన్నీ కొరికేశాయి. రాగితీగలు బయటపడ్డాయి. దాని కింద చిటికెన వేలంత నూకరత్నం ఒక్కతే బుట్టతో కూర్చునుంది.

“చూసేవాళ్లకి బాగోలేదు తాతాజీ గారూ. మళ్లీ చేసి పెట్టండి” అన్నాడు శ్యాంబాబు.

 తాతాజీకి ఆ పెట్టె పగలగొట్టాలనిపించింది.

“అలాగేనండి” అన్నాడు.

రెబెక్కా నొచ్చుకుంది. “బీరువాలో లేసుకి కలరా ఉండలు వేస్తాం గదా, నాకు తట్టనేలేదు బాబాయ్ గారూ. ఈసారి గంజొద్దు, ఫెవికాల్ పెడదాం. ఇంక దీన్ని ఏ పురుగూ ముట్టదు.”

షెడ్డు నుంచి వచ్చిన నూకరత్నం గుమ్మంలో ఆగింది. వరండాలో తాతాజీ కొమ్మలకి కొత్త ఆకులు అతికిస్తున్నాడు. పక్కనే పళ్లెంలో చిన్న బొమ్మ ఉంది. ఆమె దాన్ని తీయబోయింది. వేళ్లకి పట్టు దొరక్క జారిపోయింది. మళ్లీ తీయలేదు.

“ఈసారి నన్ను పెట్టకయ్యా. నేనక్కడ లేను గదా” అంది.

ఇంక ఈ చెట్టే చెయ్యనని చెప్పేద్దామని తాతాజీ తలెత్తాడు. ఆ మాట భార్య దగ్గర కూడా రాలేదు.

“అలాగే” అన్నాడు, అని ఇంకో ఆకు అతికించాడు.