పదో రాయికీ పన్నెండో రాయికీ మధ్య

మా మామగారు ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సు నడిపారు. కిందటేడు కంటి పరీక్షలో తప్పడంతో ఆయన లైసెన్సు తిరిగి ఇవ్వలేదు. అప్పటి నుంచి నా స్కూటరు వెనక కూర్చుని, బ్రేకు వెయ్యాలని తనకి తోచిన ప్రతిచోటా నా భుజం నొక్కుతుంటారు.

నా భార్య పోయి ఆరు నెలలు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పడిపోయింది. గంటలో అంతా అయిపోయింది. ఆ వారమే మామగారు ఒక సూట్‌కేసుతో మా ఫ్లాటుకి వచ్చారు. అత్తగారు ఎప్పుడో పోయారు, వేరే పిల్లలు లేరు. ఎన్నాళ్లుంటారని నేను అడగలేదు, వెళ్తానని ఆయన అనలేదు. నా భార్య ఉన్నన్నాళ్లూ మా ఇద్దరి మధ్య మాటలు ఆమే అటూ ఇటూ మోసేది. ఇప్పుడు "గ్యాసు కట్టేశారా?", "కట్టేశాను", "తలుపు?", "వేశాను." రోజుకి అంతే.

దసరా సెలవుల్లో ఒకరోజు ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. పళ్ల డాక్టరు దగ్గర దొరికిందట. జాతీయ పార్కులో ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద తిరగడం, గైడు ఉండడు, మ్యాపు ఇస్తారు, మన దారి మనదే.

"దీనికి లైసెన్సు అక్కర్లేదట మాష్టారూ," అన్నారు.

కాగితం మడతల దగ్గర అరిగిపోయి ఉంది. చాలా రోజులుగా జేబులో తిరుగుతోందన్నమాట. కాదనలేకపోయాను. ఆయన గుండెకి రెండు స్టెంట్లు ఉన్నాయి. ఒప్పుకున్న క్షణం నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టు పార్కు గేటుకి ఎదురుగా ఉంది. లోపలంతా కొత్త రబ్బరు వాసన. గోడ పొడుగునా అరల్లో బ్యాటరీలు పచ్చ దీపాలతో చార్జింగు అవుతున్నాయి. కొట్టు నడిపే ఆవిడ మా ఎత్తు చూసి సీట్లు సరిచేస్తూనే అన్నీ చెప్పింది. దారి ముప్పై ఆరు కిలోమీటర్లు, రెండు కిలోమీటర్లకో నంబరు రాయి, మొత్తం పద్దెనిమిది. ఒకటే దిక్కు, ఎదురు రాకూడదు. నాలుగో రాయి దాటితే ఫోను పనిచెయ్యదు.

"అయిదింటికి గేటు వేసేస్తారు. గేట్‌కీపరు తాళం వేసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత మిమ్మల్ని బయటికి తేవాలంటే పక్క ఊరి నుంచి మనిషిని రప్పించాలి. పోయినసారి ఒకాయన చెట్టు కింద చలికి వణుకుతూ దొరికాడు," అంది. తర్వాత మామగారి వైపు తిరిగి, "పెద్దాయనా, టర్బో మీద పెడితే జోరుగా పోతుంది గానీ బ్యాటరీ సగం దారిలో అయిపోతుంది. ఎకో మీద పెట్టుకోండి," అంది.

"నాకు గేర్లు నేర్పుతోంది చూశారా," అని ఆయన నాతో అన్నారు, ఆమెకి వినపడేలా.

ఆయన మూడింటికి వేసుకోవాల్సిన మాత్రలు నా సంచిలో పెట్టుకున్నాను. నీళ్లు, అరటిపళ్లు, రొట్టెలు కూడా. అన్నీ సరిచూసుకున్నాను. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో మాత్రం మాట్లాడుకోలేదు. ఆయన ఏం చేస్తారో నాకు తెలుసనుకున్నాను. నేనేం చేస్తానో తనకి తెలుసని ఆయన అనుకుని ఉంటారు.

మొదటి గంట ఆయన వీపు తప్ప నేనేమీ చూడలేదు. డ్రైవరు సీట్లో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని తొక్కుతున్నారు. ముందూ వెనకా ఒక్క బండి లేకపోయినా ప్రతి మలుపులోనూ చెయ్యి చాపి సిగ్నలు ఇస్తున్నారు. రెండుపక్కలా ఎత్తయిన చెట్లు, వాటి మధ్య రాళ్ల మీదుగా వాగు. ఒకచోట దుప్పుల మంద తలెత్తి మమ్మల్ని చూసింది. ఆయన సైకిలు ఆపి, కాలు కింద పెట్టి, అవి దారి దాటేదాకా ఆగి, "వెళ్లండమ్మా," అన్నారు. నేను మాత్రం ఆయన ఊపిరి ఎగపోస్తోందా అని వింటున్నాను.

"మామయ్యగారూ, ఆయాసంగా ఉందా?"

"నాకా? ఇది తొక్కడమా? ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టుంది."

"ఎకోలోనే ఉందా?"

"ఉంది, ఉంది."

లేదని నాకు తెలుసు.

పదో రాయి దగ్గర చెక్కవంతెన ఉంది. అక్కడ ఇద్దరం దిగి నీళ్లు తాగాం. రెండు దాటింది. ఆ వంతెన తర్వాత దారి రెండుగా చీలుతుంది. ఒకటి వాగు పక్కనుంచి, ఒకటి గుట్ట మీదుగా. రెండూ పదకొండో రాయి దగ్గర మళ్లీ కలుస్తాయని మ్యాపులో ఉంది. ఆయన గుట్ట దారి పట్టారు. నేను వెనకే వెళ్లాను. నాలుగు వందల గజాలు పోయేసరికి నా చెయిను ఊడిపోయింది. "ఆగండి!" అని అరిచాను. ఆయన పల్లంలోకి దిగుతున్నారు. మలుపులో చెయ్యి చాపి సిగ్నలు ఇచ్చారు. తర్వాత కనిపించలేదు.

చెయిను ఎక్కించడానికి పావుగంట పట్టింది. చేతులు నల్లగా జిడ్డుగా అయ్యాయి, రొట్టెలు చుట్టిన కాగితం పంటితో చింపి తుడుచుకున్నాను. ఆయన వెనక్కి రాలేదు. రాకపోవడమేమిటి, వాగు పక్క దారిలోంచి వెనక్కి వచ్చి ఉంటారనుకున్నాను. అలా వస్తే వంతెన దగ్గరే తేలుతారు.

ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని విహారయాత్రలకి తీసుకెళ్తున్నాను. ప్రతిసారీ బస్సు దిగగానే వాళ్లకి చెప్పే మొదటి మాట ఒకటే: తప్పిపోతే చివరిసారి లెక్కపెట్టిన చోటికి తిరిగి వచ్చి నిలబడండి, అక్కణ్ణించి కదలకండి. ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాణ్ణీ పోగొట్టుకోలేదు. అందుకని సైకిలు వెనక్కి తిప్పి, నడిపించుకుంటూ పదో రాయి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

రెండూ ముప్పై అయిదు. రెండూ నలభై అయిదు.

ఒక జంట వచ్చింది. పసుపు హెల్మెట్ల వాళ్లు. "ఇటు ఎదురు రాకూడదండీ, వన్‌వే," అంది ఆమె, నా సైకిలు తిరిగి ఉండడం చూసి. పెద్దాయన ఎవరైనా కనిపించారా అని అడిగాను. అడిగాక తెలిసింది ఆ ప్రశ్నలో అర్థం లేదని. అందరూ వెనక నుంచే వస్తారు. ముందు ఏం జరిగిందో ఇక్కడికి వచ్చి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

"నీలం చొక్కా, డెబ్బై రెండేళ్లు. కనిపిస్తే నేను పదో రాయి దగ్గరే ఉన్నానని చెప్పండి," అన్నాను. సరేనని వెళ్లిపోయారు.

మూడైంది. మాత్రలు నా సంచిలో ఉన్నాయి. ఫోను తీసి చూశాను, సిగ్నలు గీతలు లేవు. మళ్లీ చూశాను. నా భార్య పోయిన రోజు కూడా ఇలాగే, పరీక్ష డ్యూటీలో, నా ఫోను ఆఫీసు గదిలో పెట్టెలో ఉండిపోయింది. లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఆస్పత్రి వాళ్లు నాకు పదకొండుసార్లు చేశారు. తర్వాత ఆమె ఫోనులో 'నాన్న' అన్న పేరు చూసి ఆయనకి చేశారు.

మూడుంబావు. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడులో రెండుసార్లు ఎవరో పిలిచినట్టు వినిపించింది. రెండుసార్లూ బదులు పలికాను.

అప్పుడు నేను ఆలోచిస్తున్నది పిల్లవాడి గురించి కాదని తట్టింది. ముప్పై నాలుగేళ్లలో ఆ మనిషి బస్సును ఒక్కసారైనా వెనక్కి తిప్పి ఉంటారా? ఎవరి గొడుగో స్టాపులో ఉండిపోయిందని, ఎవరి పిల్లాడో ఎక్కలేదని? తిప్పరు. తప్పినవాళ్లు ముందుకే రావాలి. నలభై నిమిషాలు నేనే ఆయనకి దూరంగా నిలబడి ఉన్నాను.

టర్బోలో పెట్టాను. గుట్ట దారిలో ప్రతి పల్లంలోనూ పక్కకి ఒరిగిన సైకిలు కోసం చూస్తూ వెళ్లాను. ఒకచోట పొదల్లో నీలంగా ఏదో కనిపిస్తే దిగి చూశాను. పాత ప్లాస్టిక్ సంచి. పదకొండో రాయి దగ్గర ఎవరూ లేరు. ఎండలో ఉత్త రాయి. నేను పెట్టుకున్న ఆశంతా ఆ రాయి మీదే. చాలాసేపు హ్యాండిలు పట్టుకుని నిలబడి, ఇక ఎటు వెళ్లాలో తెలీక, దారి ఒకటే కాబట్టి ముందుకి వెళ్లాను.

పన్నెండో రాయి దగ్గర రేకుల షెడ్డు, కింద బల్ల. దాని ముందు ఆయన సైకిలు దారి అంచుకి జానెడు దూరంలో, తిన్నగా, ముక్కు దారి వైపుకి ఉంది. బల్ల మీద ఆయన. హెల్మెట్ ఒళ్లో ఉంది. నన్ను చూసి లేచారు, మళ్లీ కూర్చున్నారు.

"ఎక్కడికి పోయారండీ మీరు?" అని అరిచారు.

"పదో రాయి దగ్గరే ఉన్నాను. మీరు వెనక్కి వస్తారని."

"వెనక్కా? ఎవరన్నా వెనక్కి వస్తారా? బస్సు తప్పినవాణ్ణి తర్వాతి స్టాపులో ఎక్కించుకోవాలి. ఆ మాత్రం తెలీదూ?"

"మరి పదకొండులో ఎందుకు ఆగలేదు?"

"అది స్టాపా? నీడ లేదు, బల్ల లేదు. అక్కడ మనిషిని దింపితే నా మీద కంప్లైంటు రాస్తారు."

"పసుపు హెల్మెట్ల వాళ్లు చెప్పలేదా?"

"చెప్పారు. 'నేను కదలను, ఆయనే రావాలి' అని చెప్పమన్నాను. చెప్పడానికి వాళ్లు మీ వైపు రారు కదా అని వాళ్లు పోయాక గుర్తొచ్చింది." తన సైకిలు వైపు చెయ్యి చూపించారు. "అయినా కదలడానికి ఇందులో ఏముంది గనక. బ్యాటరీలో ఒకటే గీత మిగిలింది. టర్బోలో పెట్టాను. మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

మాత్రలు ఇచ్చాను. నీళ్లు తాగేటప్పుడు సీసా మూతికి పళ్లు తగిలిన చప్పుడు వినిపించింది. ఆయన పక్కన కూర్చున్నాను.

"కిందపడ్డారనుకున్నాను," అన్నారు. "ఈ కబురు ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. ఇక్కడ కూర్చుని ఒక్కొక్కళ్లనే తలుచుకున్నాను. ఎవరూ తట్టలేదు మాష్టారూ."

నేను మాత్రల అట్ట మడిచి సంచిలో పెట్టాను.

"ఆ రోజు మీ స్కూలు గేటు దగ్గర గంటంబావు నిలబడ్డాను. పన్నెండుంబావుకే వచ్చాను. వాచ్‌మన్ లోపలికి కబురు పంపుతానన్నాడు. నేనే వద్దన్నాను. అప్పటికే అయిపోయింది. పరుగెత్తుకొచ్చినా చేసేదేమీ లేదు. ఇంకో గంటన్నా మీరు మామూలుగా ఉంటారు కదా అనుకున్నాను." హెల్మెట్ పట్టీని పెట్టి తీశారు. "తప్పు చేశానా?"

ఆ గంటంబావూ నేను బల్లల వరసల మధ్య తిరుగుతూ ఉన్నాను. ఒకమ్మాయి పెన్నులో ఇంకు అయిపోతే నా పెన్ను ఇచ్చాను. సాయంత్రం ఇంటికి ఏం తీసుకెళ్లాలో గుర్తుచేసుకున్నాను. ఆమె ఉందనుకుని నేను బతికిన ఆఖరి గంటంబావు అది. అది నాకు ఎవరిచ్చారో ఇప్పటిదాకా తెలీదు.

"నాకు తెలీదు మామయ్యగారూ," అన్నాను. నిజంగానే తెలీదు.

ఆయన తలాడించారు, అది చాలన్నట్టు.

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. ఇంకా పన్నెండు కిలోమీటర్లు. నా సైకిల్లో రెండు గీతలున్నాయి. సీటు కిందికి దించి అది ఆయనకి ఇచ్చాను.

"మీరు సరాసరి గేటుకి వెళ్లండి. ఎకోలో. ఎక్కడా ఆగకండి."

"పాసింజరుని దారిలో వదిలేసా?"

"ఎక్స్‌ప్రెస్ అనుకోండి."

ఆయన నవ్వలేదు. ఎక్కి, వెనక్కి ఒకసారి చూసి, మలుపు దగ్గర చెయ్యి చాపి వెళ్లిపోయారు. ఆయన్ని అలా కళ్లకి కనిపించకుండా పోనివ్వడం నాకు చాలా కష్టమైంది. కానీ చలి పడకముందు ఆయన బయటపడాలి. వేరే దారి లేదు.

పదమూడో రాయికి ముందే నాకు మిగిలిన ఆయన సైకిలు బ్యాటరీ చచ్చిపోయింది. పాతిక కిలోల బండి. పల్లాల్లో తొక్కాను, ఎత్తుల్లో నెట్టాను. ప్రతి రాయి దగ్గరా ఆయన లేరు. లేరంటే ముందుకి వెళ్లారని. మనసు కాసేపు కుదుటపడేది, రెండో నిమిషంలోనే మళ్లీ మొదలయ్యేది. పదహారో రాయి దగ్గర అయిదు కొట్టింది. చెట్ల కింద వెలుగు తగ్గింది. తాళం పడే ఉంటుంది, ఆయన బయట ఉంటారు, నేను లోపల ఉంటాను, అదయినా నయమే అనుకున్నాను. బయట ఉంటే.

ఆఖరి ఎత్తు ఎక్కేసరికి గేటు కనిపించింది. అడ్డకర్ర సగానికి దిగి ఆగిపోయి ఉంది. దాని కింద సరిగ్గా మధ్యలో, దారికి అడ్డంగా, నా సైకిలు నిలబెట్టి ఉంది. దాని సీటు మీద చెయ్యి వేసుకుని మామగారు. ఎదురుగా తాళం చెవులు ఆడిస్తూ గేట్‌కీపరు. అతని వెనక కొట్టు ఆవిడ నవ్వు ఆపుకుంటోంది.

"అరగంట నుంచి గేటు వెయ్యనివ్వడం లేదండీ ఈయన," అన్నాడు గేట్‌కీపరు నన్ను చూడగానే. "తియ్యమంటే బండి చెడిపోయిందంటాడు. తోస్తానంటే ముందు నన్ను తొయ్యమంటాడు. ఈయన మీకేమవుతారు?"

"మా మామగారు," అన్నాను. ఊపిరి అందక రెండుసార్లు అనాల్సి వచ్చింది.

మామగారు నా వైపు తలనుంచి కాళ్లదాకా చూశారు. మోకాళ్లు చూశారు, జిడ్డు చేతులు చూశారు. గడియారం చూసుకున్నారు. తర్వాత సైకిలు స్టాండు తీసి, చెడిపోయిందన్న ఆ బండిని చక్కగా పక్కకి నడిపించి, గేట్‌కీపరుతో అన్నారు.

"ఇప్పుడు వేసుకోండి."