అవతలి కొస

ఇంజనీరింగు చివరి ఏడాదిలోకి పోయే ముందు ప్రతి విద్యార్థీ రెండు నెలలు ఏదైనా ఆఫీసులో పని నేర్చుకోవాలి. రోజూ డైరీ రాయాలి, అక్కడి ఇంజనీరు చేత సంతకం పెట్టించుకోవాలి. యూనివర్సిటీ కట్టడి అది. 1952 ఎండాకాలంలో సదాశివకు ఆబిడ్స్‌లో రామచందర్ గారి ఆఫీసు దొరికింది. బట్టల దుకాణం పైన రెండు గదులు, నాలుగు బల్లలు, గోడ నిండా నక్షా చుట్టలు. సదాశివ తండ్రి పెంటయ్య జనగామ దిక్కు నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్‌లో మూటలు మోసేవాడు. కొడుకు పేరు వెనక ఇంజనీరు అన్న మాట చేరేదాకా ఆ మూటలు దించేటట్టు లేడు. అందుకే సదాశివకు ఒకటే భయం, తన డైరీలో ఎక్కడా తప్పు పడొద్దని.

మూడో వారంలో రామచందర్ గారు పని మీద ఔరంగాబాద్ వెళ్లారు. ఆయన లేనప్పుడు అనసూయమ్మ అనే ఆమె నుంచి చిట్టీ వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండేళ్ల కింద కొన్న పాత బంగళాను ఆడపిల్లల హాస్టల్‌కు కిరాయికి ఇస్తుందట, కొలతలు తీసి నక్షా గీసి ఇవ్వాలట. గుమాస్తా జనార్దన్ కొత్తగా చేరినవాడు. చిట్టీ చదివి, టేపు ఇచ్చి, సదాశివను పంపించాడు. తోడుగా, టేపు అవతలి కొస పట్టే చైన్‌మన్ మొగులయ్య వెళ్లాడు. అతనూ నిరుడే చేరినవాడు. అరవై దగ్గరి మనిషి, కొంచెం చెవుడు. అందుకని వాళ్లిద్దరికీ ఒక సైగ ఉండేది. టేపు కొసను గోడకు ఆనించి పట్టినంక మొగులయ్య రెండుసార్లు గుంజుతాడు. అప్పుడు ఇవతల సదాశివ అంకె చూసి రాసుకుంటాడు.

ముందు గదులన్నీ పగటి భోజనం వేళకే అయిపోయినయి. మిగిలింది వెనక పొడుగాటి హాలు. దాని నడుమ ఒక చెక్క అడ్డుగోడ, అందులో తలుపు లేని ద్వారం. అటు కొసన నిలబడ్డ మనిషి ఇటు వాళ్లకు కనబడడు. అనసూయమ్మ తాళం తీసి ఇచ్చింది కానీ లోపలికి రాలేదు. ఆ దిక్కు తాము పోమని, ఎందుకో తనకూ తెలవదని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

హాల్లో చల్లగా ఉంది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల మాత్రం వానలో తడిసిన గోడల వాసన. సదాశివ టేపు డబ్బా పట్టుకుని దక్షిణం గోడకు ఆనుకున్నాడు. కొస ద్వారంలోంచి అవతలికి పోయింది. కొంచెంసేపటికి టేపు బిగిసింది. రెండు గుంజులు వచ్చినయి. నలభై ఏడు అడుగుల ఆరు అంగుళాలు. రాసుకుని తల ఎత్తి కిటికీలోంచి చూశాడు.

మొగులయ్య పెరట్లో కుండ దగ్గర నిలబడి, దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నాడు.

సదాశివ చేతిలో టేపు ఇంకా బిగిసే ఉంది. అతను చూస్తుండగానే మళ్లీ రెండు గుంజులు వచ్చినయి. ఈసారి మెల్లగా, రాసుకున్నావా అని అడిగినట్టు. అతని వేళ్లు వాటంతటవే వదిలేసినయి. డబ్బా నేల మీద గీసుకుంటూ, తొందరేమీ లేనట్టు, ద్వారం దాటి అవతలికి పోయింది.

పెరట్లోకి ఎట్లా వచ్చిపడ్డాడో అతనికే తెలియదు. మొగులయ్య మూతి తుడుచుకుంటూ, టేపు కొస ద్వారం అవతల పెట్టి, ఆ దిక్కు తలుపులోంచి దూప తీర్చుకొని పోదామని వచ్చినని చెప్పాడు. ఇద్దరూ కలిసి లోపలికి పోయి చూశారు. ఉత్తరం గోడ కింద టేపు చక్కగా చుట్టి పెట్టి ఉంది. మొగులయ్య దాన్ని తీసుకుని, ఇంటికి పోదాం పా అన్నాడు.

ఆ సాయంత్రం సదాశివ డైరీలో కొలత రాసి, టేపు పట్టింది మొగులయ్య అని రాశాడు. నిజం రాస్తే ఎవరు సంతకం పెడతారు?

రెండు రోజులకు రామచందర్ గారు తిరిగొచ్చారు. డైరీ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. జనార్దన్‌ను పిలిచి ఆ ఇల్లు ఏ గల్లీలోదని అడిగారు. కింది సొరుగులోంచి పాత కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచారు. అదే హాలు, సగం గీసి ఆపిన నక్షా. నిలువు కొలత నలభై ఏడు అడుగుల ఆరు అంగుళాలు. అడ్డం కొలత కాడ ఖాళీ.

"టేపు ఎవరు పట్టిన్రు?" అని అడిగారు.

సదాశివ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెప్తుంటే ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

హైదరాబాదుకు ఇండియా ఫౌజు వచ్చిన ఏడు, అంటే నాలుగేళ్ల కింద, వానకాలంలో, శ్రీపతి అనే పిల్లవాడు ఇట్లనే పని నేర్చుకోవడానికి వచ్చాడట. చాదర్‌ఘాట్ పిల్లవాడు. ఆ హాల్లో అవతలి కొసన టేపు పట్టుకుని ఉండగా కప్పు దూలం విరిగి మీద పడి, అక్కడే పానం పోయిందట. ఊరంతా అల్లకల్లోలంగా ఉన్న దినాలు, ఎవరూ విచారణ చేయలేదు.

"దూలానికి చెద పట్టిందని నేను పొద్దున్నే చూసిన," అన్నారు రామచందర్ గారు. "వానికి చెప్పుడు మరిచిన."

మరునాడు బేస్తవారం. మొగులయ్యను కూడా తీసుకుని ముగ్గురూ బంగళాకు వెళ్లారు. రామచందర్ గారు ద్వారం దగ్గరే నిలబడి అవతలి కప్పును తేరిపార చూశారు. పాత యజమానులు కొత్త దూలం వేయకుండా, విరిగినదాన్నే అతికించి పైన సున్నం కొట్టించారు. ఎవరూ ఈ గడప దాటొద్దని రామచందర్ గారు చెప్పి, టేపు కొసను ద్వారంలో నేల మీద పెట్టమన్నారు. డబ్బా తనే పట్టుకుని దక్షిణం గోడకు పోయి నిలబడ్డారు.

కొస కదిలింది. సదాశివ కాళ్ల పక్కనుంచే జరుగుతూ అవతలికి పోయింది. అతను అటు చూడకుండా ఉండలేకపోయాడు. ఉత్తరం గోడ దగ్గర ఎవరూ లేరు. నడుమెత్తున టేపు గాలిలో నిలిచి, గోడకు ఆని, తిన్నగా బిగిసింది. రెండు గుంజులు.

రామచందర్ గారు అంకె చూశారు.

"నలభై ఏడు, ఆరు. రాసుకున్న, శ్రీపతీ. నీ పని అయిపోయింది. ఇగ ఇడువు బిడ్డా."

టేపు వదులు కాలేదు. ఎంతసేపని చెప్పలేం. స్టేషన్‌లో ఒక బండి వచ్చి ఆగి, మళ్లీ కూత పెట్టి కదిలింది. అప్పుడు కొస నేల మీదికి జారింది. పడ్డ చప్పుడు కూడా కాలేదు. రామచందర్ గారు అక్కడే కూలబడి, తల మోకాళ్ల మీద పెట్టుకున్నారు. మొగులయ్య చేతులు జోడించి నిలబడ్డాడు.

ఆయన మాట విని అనసూయమ్మ వానలు పడకముందే ఆ హాలు కూలగొట్టించింది. పై సున్నం రాలగానే దూలం పిండిలా చేతిలోకి వచ్చిందని మేస్త్రీ తర్వాత చెప్పాడు.

ఆ బేస్తవారం వెంటనే వచ్చిన సోమవారం రామచందర్ గారు ఒక సర్టిఫికెట్ రాశారు. శ్రీపతి పేరు మీద, పని నేర్చుకోవడం పూర్తి చేశాడని. నాలుగేళ్లుగా శ్రీపతి ఇంటి గడప తొక్కే ధైర్యం రాలేదని, తోడు రమ్మని సదాశివను అడిగారు. చాదర్‌ఘాట్‌లో మూసీ ఒడ్డున చిన్న ఇల్లు. శ్రీపతి తల్లి కమలమ్మ బియ్యం చెరుగుతున్నది. ఆయనను చూడగానే చాట పక్కన పెట్టి, లేచి, కొంగు సర్దుకుంది. ఆయన కాగితం ఇచ్చారు. ఆమె చదువుకున్న మనిషే. నిదానంగా చదివి, మడిచి, కళ్లకద్దుకుంది.

"బేస్తవారం పగటిపూట వచ్చి చెప్పిండు," అన్నది. "పని అయిపోయిందమ్మా, సార్ కాయిదం ఇస్తడు అని. అందుకే మీ కోసం చూస్తున్న."

కలలోనా అని అడగాలని సదాశివకు నోటిదాకా వచ్చింది గానీ అడగలేదు. కమలమ్మ లోపలికి వెళ్లి ఇద్దరికీ చల్ల తెచ్చింది. నిలబడే తాగారు. అఫ్జల్‌గంజ్ దాకా ఇద్దరూ నడిచారు. బస్సు వచ్చినప్పుడు రామచందర్ గారు, ముందు నువ్వు ఎక్కు అని, సదాశివ వీపు మీద చెయ్యి వేశారు.