చిరిగిన కాగితంలో రెండో సగం

ఆ పొద్దున అంగడి తలుపులు తెరిచేసరికి అతని చేతిలో ఉన్నది సగం కాగితం. మిగతా సగం నిన్న ఎవరి కూరగాయలతోనో వెళ్ళిపోయింది.

తక్కెడ పళ్ళేలు తుడిచి, వంకాయల మీద నీళ్ళు చిలకరించి, ఒక కాడ విరిగితే పురికొసతో కట్టుకున్న కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. "ఆకలి చచ్చిన పెద్దవాళ్ళకు మందుల కంటే ముందు ఇంట్లోనే చేయగలిగింది ఒకటుంది. ఖర్చు లేదు, కష్టం లేదు. అదేమిటంటే..."

అక్కడికి కాగితం అయిపోయింది.

చించింది తనే. పాత పత్రిక షీటును అడ్డంగా మడిచి, మడత మీద బొటనవేలి గోటితో గీరి సర్రున లాగితే రెండు పొట్లాలకు సరిపోతుంది. ముందు చించడం, ఖాళీ దొరికితే చదవడం. నలభై రెండేళ్ళుగా అదే వరస. ఆ వరస తప్పని నిన్న సాయంత్రమే తెలిసింది.

ఇంట్లో భార్యకు తిండి తగ్గి మూడు వారాలైంది. పరీక్షలన్నీ చూసిన డాక్టరు, "వయసండీ. ఏదో ఒకటి తినిపించండి. తింటే కొన్నాళ్ళు నిలబడతారు" అన్నాడు. అంగట్లో పదహారు రకాల కూరలున్నాయి. ఆ "ఏదో ఒకటి" అందులో ఏదో అతనికి అంతు పట్టలేదు.

మొదటి బేరం బస్సు కండక్టరుది.

"నిన్న నువ్వు తీసుకెళ్ళిన బీరకాయల కాగితం ఉందా?" అని కండక్టర్ని అడిగాడు.

"తూకం తగ్గిందని నేనడగాలి గానీ, కాగితం కావాలని నువ్వడుగుతున్నావేంటి బాబాయ్! పొట్లం విప్పగానే పొయ్యిలోకే."

తర్వాత వచ్చిన నలుగురూ అలాగే నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. ఉల్లిపాయలు తూస్తూ నిన్నటి బేరాలన్నీ వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు.

బడిలో అతను చదివింది నాలుగో తరగతి దాకానే. మిగతా చదువంతా పొట్లాల కాగితాలదే. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, బేరాల్లేని ఒక మధ్యాహ్నం, ముల్లంగి ఆకుల్లో దుంప కంటే ఎక్కువ సత్తువ ఉంటుందని చదివాడు. అప్పటిదాకా ఆ ఆకులు తుంచి చెత్తబుట్టలో పడేసేవాడు. ఆ రోజు గంపెడు ఇంటికి మోసుకెళ్ళాడు.

"ఇది రాసినాయన ఇంట్లో మేకలున్నాయేమో చూశావా? వాటికి పెట్టేది పొరపాటున మనకు రాసుంటాడు" అంది ఆమె. అయినా వండింది. తిన్నాడు. మర్నాడు తనే అడిగింది, "ఇవాళ్టి కాగితంలో ఏం రాశారు?" అని.

అలా మొదలైంది. రెండింటికి అతను భోజనానికి వచ్చేవాడు. ఆమె వడ్డించేది. అతను తింటూ చదివేవాడు. గుమ్మడి తొక్క, కాలీఫ్లవర్ కాడ, క్యారెట్ ఆకు ఒకటొకటే గిన్నెలోకి వచ్చాయి. నూనె సీసా నెలకు రెండు నుంచి ఒకటికి దిగింది. ఇంటి చెత్తబుట్ట వారానికోసారి కూడా నిండేది కాదు. అంగట్లోకి ప్లాస్టిక్ సంచులు రానే లేదు.

ఒక్కసారి మాత్రం దెబ్బ తిన్నారు. "ఉప్పు మానేస్తే ఒంటికెన్ని లాభాలో" అన్న పై సగం చదివి రెండు నెలలు చప్పిడి తిన్నారు. పక్క వీధి కుట్టుపని అక్క కింది సగం పట్టుకొచ్చింది. అందులో "అయితే పూర్తిగా మానకూడదు, సగానికి తగ్గిస్తే చాలు" అని ఉంది.

"సగం చదువు మొగుణ్ణి కట్టుకున్నందుకు రెండు నెలలు నా నాలుక అత్తారింట్లో ఉన్నట్టుంది" అని భార్య వారం రోజులు నవ్వింది.

కుట్టుపని అక్క! తూస్తున్న ఉల్లిపాయలు పళ్ళెంలోనే ఆగిపోయాయి. ఆవిడ కాగితం పారేయదు. నిన్న టమాటాలు తీసుకెళ్ళింది.

మధ్యాహ్నం కాకుండానే తలుపులు దగ్గరగా వేసి వెళ్ళాడు.

"నిన్నటిదా? అయ్యో బాబాయ్, చొక్కా చేతి కొలతకు కత్తిరించేశానే!" అంటూ ఆవిడ గుడ్డల కింద నుంచి తీసిచ్చింది. ఒక పక్క కత్తెర వంపుగా తిరిగిన కాగితం. కింది వరసలు కొన్ని దాంతో పోయాయి. మిగిలినవి చాలు.

"...వాళ్ళకు ఏం వండాలన్నది కాదు. వాళ్ళు తినేదే, వాళ్ళతోపాటు కూర్చుని, అదే వేళకు మీరూ తినండి. ఎదురుగా మరో మనిషి నములుతుంటే..."

రెండుసార్లు చదివాడు. అది అంగట్లో లేని సరుకు. ఇన్నేళ్ళలో ఆమె ఎదురుగా కూర్చుని తినగా అతను చూడలేదు. అతను చెయ్యి కడుక్కుని అంగడికి వెళ్ళాకే ఆమె తినేది. ఏం తినాలో అంతా చదివి వినిపించాడు. ఎప్పుడు తిన్నావని మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చి, గుమ్మడి ముక్కలు వేసి పలచగా గంజి కాచాడు. రెండు గిన్నెల్లో పోసి మంచం పక్కన పీట వేసుకున్నాడు.

"నీకిదేం ఖర్మ? నీకు వేరే వండుకోలేకపోయావా?"

"కాగితంలో ఇలాగే రాశారు."

"ఈసారైనా పూర్తిగా చదివావా?"

"ముప్పాతిక చదివాను."

ఆమె ఒళ్ళు కదిలేలా నవ్వింది. అతను తాగుతుంటే కాసేపు చూసింది. తర్వాత చెంచా తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో చెంచా దగ్గర ఆగి, "ఉప్పు చాల్లేదయ్యా" అంది.

మూడు వారాల్లో తిండి దగ్గర ఆమె కావాలని అడిగిన మొదటి సంగతి అది. అతను లేచి ఉప్పు తెచ్చాడు. ఆమె గిన్నె దించడానికి చోటు వెతుక్కుని, అతను మంచం మీద పెట్టిన ఆ కాగితం మీదే పెట్టింది.

ఆ రోజు నుంచి రెండింటికీ, రాత్రి ఏడింటికీ అంగడి మూసే ఉండేది. పంతొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజు పొద్దున అతను రెండు గిన్నెలూ కడిగి తెచ్చేసరికి ఆమె నిద్రలోనే వెళ్ళిపోయి ఉంది.

లెక్క చూస్తే, నలభై రెండేళ్ళ కాపురంలో కలిసి తిన్న పూటలు ముప్పై ఎనిమిది. అతనికి మిగిలినవి అవే.

ఇప్పుడతను ఏ షీటునైనా ముందు చదివి తర్వాతే చించుతాడు. పొట్లం కాగితాలు గుచ్చే మేకు పక్కన, పొట్లాలకు అతను ఎన్నడూ ముట్టని మరో మేకుకు, గంజితో అతికించిన ఒక కాగితం వేలాడుతుంటుంది. నడిమధ్య గోటితో గీరి చించిన చోట అతుకు, ఒక పక్క చొక్కా చేతి వంపు, అక్షరాల మీద ఒక గిన్నె అడుగు గుండ్రటి మరక.