చల్లగుండే ప్లగ్గులు

లింగంపేట దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక బండి మొదటిసారి ఎగిరిపడింది. ముందుకు గుంజింది, ఆగింది, మళ్లీ గుంజింది. స్టీరింగ్ పట్టుకున్న వెంకటి ఏమీ కానట్టే ముఖం పెట్టాడు. వెనక సీట్లో నోట్సు చదువుకుంటున్న బిడ్డ రాజశ్రీ మాత్రం పుస్తకం మూసింది.

"ఏమైంది బాపూ?"

"ఏం గాలే. నువ్వు చదువుకో."

ఏం కాకపోవడమేమిటి! పాతికేళ్లు దాటిన మారుతి ఎనిమిది వందలు అది. దానికున్నవే మూడు సిలిండర్లు. ఆ మూడింట్లో ఒకటి పని మానేసిందని సీట్లో కూర్చున్న వెంకటి నడుముకు అప్పుడే తెలిసిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. బస్సు గేట్లోకి వస్తుంటేనే చప్పుడు విని రోగం చెబుతాడని డిపోలో పేరు. రిటైరై నాలుగేళ్లయినా ఆ పేరు ఆయన నెత్తి మీది నుంచి దిగలేదు.

తొమ్మిదిన్నరకు కామారెడ్డిలో పరీక్ష సెంటరు గేటు మూస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా కాళ్లు మొక్కినా లోపలికి రానివ్వరు. వచ్చే నెలతో రాజశ్రీకి సర్కారు నౌకరీ వయసు దాటిపోతుంది. పొద్దంతా ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి వచ్చి, రెండేళ్లుగా వంటింటి గోడకు ఒరిగి చదివిన చదువంతా ఈ ఒక్క పొద్దు మీదే ఉంది. ఆరున్నర బస్సుకు పోతానని ఆమె వారం ముందే చెప్పింది. వెంకటి వింటేగా! "నా బండి ఉండంగ బస్సుల నిలవడి పోతవా? నిమ్మలంగ కూసోని చదువుకుంట రా, నేను దించుత," అన్నాడు. రాత్రి అన్నం దగ్గర కూడా అదే మాట. చివరికి ఆమే తగ్గింది.

ఈ ప్రయాణం కోసమే ఆయన నిన్న కామారెడ్డికి పోయి, నిప్పురవ్వతో పెట్రోలును అంటించే ప్లగ్గులు కొత్తవి మూడు తెచ్చి బిగించాడు. దుకాణపాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. "పాత ఇంజన్, ఊర్ల మెల్లగ తిరిగేది. గీ వేడి రకమే తీస్కపో అన్నా. దీని మూతి కాలి మసి దానంతటదే పోతది. గా చల్ల రకం హైవే మీద ఉరికే బండ్లకు," అని నచ్చజెప్పాడు. వెంకటికి నవ్వొచ్చింది. ఎండాకాలం సలసల కాగి ఆగిపోయిన బస్సులకు బకెట్లతో నీళ్లు పోసిన చేతులవి. ఇంజన్‌కు చల్లదనాన్ని మించిన మందు ఉంటుందని ఎవరు చెప్పినా ఆయన నమ్మడు. "చల్లగుండేదే ఇయ్యి. వేడి ఎవడన్న కోరుకుంటడా?" అన్నాడు. ఇంటికొచ్చి బిగిస్తే మరలు చక్కగా కూర్చున్నాయి. ఇంకేం కావాలి? నిజానికి డీజిలు బస్సులో ఇట్లాంటి ప్లగ్గులే ఉండవు. ఆయన వాటిని చేత్తో పట్టుకున్నదే ఈ బండి కొన్నాక. ఆ సంగతి దుకాణపాయనకు చెప్పడానికి మనసొప్పలేదు.

ఎనిమిదీ పదికి బండి రోడ్డు పక్కన ఆగిపోయింది.

వెంకటి బానెట్ ఎత్తాడు. డీజిలు మనిషికి ఆగిన ఇంజన్ కనిపిస్తే మొదటి అనుమానం పైపులో గాలి మీదికే పోతుంది. పెట్రోలు పైపు ఊడదీశాడు. నోటితో పీల్చాడు, నోరంతా మండి ఉమ్మేశాడు. ఫిల్టర్ ఊదాడు, మళ్లీ బిగించాడు. స్టార్టు చేస్తే బండి రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. మళ్లీ పైపు ఊడదీశాడు. పోయిన పావుగంట ఎటు పోయిందో ఆయనకు తెలియలేదు.

"బాపూ, ఆటోకు ఫోన్ చేద్దామా?" అని వెనక సీట్లోంచి అడిగింది రాజశ్రీ.

"అయిపాయె. అయిదు నిమిషాలు."

అప్పుడే ఎల్లారెడ్డి వైపు నుంచి బస్సు వచ్చింది. ఆ చప్పుడు వెంకటి వెన్ను గుర్తుపట్టింది. తన డిపో బస్సే. డ్రైవర్ మహేందర్ బస్సు మెల్లగా చేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"వెంకటన్నా! బండి ఆగిందా ఏంది? కామారెడ్డికే పోతున్న, ఎక్కుతరా?"

కిటికీల్లోంచి ఇరవై ముఖాలు చూస్తున్నాయి. మధ్యాహ్నానికల్లా డిపోలో టీ కొట్టు దగ్గర ఏమనుకుంటారో వెంకటికి అక్కడే వినిపించింది. పెద్ద మెకానిక్ బండి రోడ్డు మీద పడిందట, బిడ్డను మన బస్సే మోసుకొచ్చిందట! ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆగుడేంది? జర చల్లారనిద్దామని నిలిపిన. నువ్వు పో, టైం అయితది!" అని చెయ్యి ఊపాడు.

బస్సు కదిలిపోయింది. అది మలుపు తిరిగేలోపే రాజశ్రీ కారు దిగి ముందుకు వచ్చింది.

"బస్సు పోయిందా బాపూ?"

"స్పెషల్ బండి బిడ్డా. ఆపలే."

రాజశ్రీ ఆయన ముఖంలోకి చూసింది. పుస్తకం సీట్లో పడేసి, హాల్ టికెట్టు ఉన్న ప్లాస్టిక్ కవరు ఒక్కటి తీసుకుని రోడ్డు అంచున నిలబడింది. మళ్లీ కారెక్కలేదు. ఎనిమిదీ ముప్పై ఐదు.

వెంకటి మళ్లీ బానెట్ కింద తల దూర్చాడు. ఆడిన అబద్ధం తర్వాతి సంగతి. ఏ సిలిండరు చచ్చిందో ముందు తేల్చాలి. బస్సులకైతే ఇంజన్ నడుస్తుండగా ఒక్కొక్క పైపు నట్టూ వదులు చేస్తారు. ఏది వదులు చేస్తే చప్పుడు మారదో, దొంగ అదే. బండిని ఎట్లాగో దగ్గించి స్టార్టు చేసి, అదే అలవాటున ప్లగ్గు మీది వైరు తొడుగును వట్టి చేత్తో పట్టి గుంజాడు. మోచెయ్యి దాకా ఎవరో కట్టెతో కొట్టినట్టయింది. "అవ్వో!" అని అరిచి రెండడుగులు వెనక్కి పడ్డాడు. బండి ఆగిపోయింది.

ఆ దెబ్బకు బుద్ధి వచ్చింది. కరెంటు బాగానే ఉంది, అది చెయ్యి చెప్పింది. పెట్రోలు వస్తోంది, అది నోరు చెప్పింది. మిగిలింది ప్లగ్గులు. స్పానర్ వేసి మూడూ విప్పాడు. నిన్న తెల్లగా మెరిసిన మూతులు మూడూ రొట్టె పెనం అడుగులా నల్లగా ఉన్నాయి. వేలు పెడితే మసి అంటింది. దుకాణపాయన చెప్పిన మాట ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వీటి మూతి వేడెక్కదు, మసి కాలిపోదు, మసి పేరుకుంటే నిప్పురవ్వ ఎగరదు. చల్లగా ఉండమని ఏరికోరి తెచ్చుకున్నాడు, అవి చల్లగానే ఉన్నాయి.

వెనక స్కూటీ ఆగిన చప్పుడైంది. తెల్ల కోటు మడిచి ముందర బుట్టలో పెట్టుకున్న ఒకామె, తాడ్వాయి దిక్కు డ్యూటీకి పోయే నర్సు గ్లోరీ, చెయ్యి అడ్డం పెట్టిన రాజశ్రీ ముందు బ్రేకు వేసింది.

"అక్కా, కామారెడ్డిల పరీక్ష ఉంది. తొమ్మిదిన్నరకు గేటు మూస్తరు. మీరు ఎక్కడిదాక పోతే అక్కడిదాక," అంది రాజశ్రీ.

గ్లోరీ గడియారం చూసుకుంది. ఎనిమిదీ యాభై. "నా డ్యూటీ తాడ్వాయిలనే. ఇయ్యాల జర లేటైతదని ఫోన్ చేస్త తీ. ఎక్కు, గట్టిగ పట్టుకో."

రాజశ్రీ తన ఫోన్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. సెంటర్లోకి ఫోన్లు రానివ్వరు. "నీ దగ్గర ఉంచు," అని ఒక్క మాట అని స్కూటీ ఎక్కింది. ఇరవై రెండు కిలోమీటర్ల రోడ్డు, నలభై నిమిషాలు. వెంకటి నల్లటి చేతుల్లో మూడు ప్లగ్గులూ ఒక ఫోనూ పట్టుకుని దుమ్ము సద్దుమణిగే దాకా నిలబడ్డాడు.

మలుపు దగ్గర హన్మవ్వ చాయ హోటలు ఉంది. ఆయన అక్కడికి పరుగున పోయాడు.

"అక్కా, జర పొయ్యి ఇయ్యి."

"చాయనా?"

"ప్లగ్గులు కాల్చాలె."

హన్మవ్వ నవ్వలేదు, చాయ గిన్నె పక్కకు జరిపింది. "మా ఆయన లూనా బండికి గిట్లనే కాల్చెటోడు," అని పట్టకారు చేతికిచ్చింది. వెంకటి ఒక్కొక్క ప్లగ్గునూ మంట మీద ఎర్రగా అయ్యేదాకా పట్టాడు. మసి కాలి రాలింది. కింద పెట్టినా చేత పట్టుకోలేనంత వేడి. చెయ్యి దానంతటదే నీళ్ల బకెట్ వైపు పోయింది.

"ముంచకు తమ్మీ! తెల్ల పింగాణి పలుగుతది. అదే చల్లారనీ."

అవి చల్లారేదాకా ఎనిమిది నిమిషాలు కూర్చోవడం వెంకటి బతుకులో చేసిన అన్ని పనుల కంటే కష్టమైంది. బండి దగ్గరికి ఉరికి, బిగించి స్టార్టు చేస్తే మూడు సిలిండర్లూ అందుకున్నాయి. తొమ్మిదీ పన్నెండు. మళ్లీ మసి పట్టకుండా, ప్లగ్గుల మూతులు వేడిగా ఉండాలని గేరు తక్కువలో పెట్టి ఇంజన్‌ను అరిపించుకుంటూ తోలాడు. తాడ్వాయిలో జనం తిరిగి చూశారు. రోడ్డు పక్కన ఆగిన ప్రతి స్కూటీనీ ఆయన చూశాడు. ఏదీ ఆమెది కాదు.

తొమ్మిదీ నలభై ఏడుకు సెంటరు చేరాడు. గేటు మూసి ఉంది. బయట ఆలస్యంగా వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది. ఒకడు పోలీసాయన చేతులు పట్టుకుని బతిమాలుతున్నాడు. ఒకామె చంకలో పాపతో ఏడుస్తోంది. వెంకటి ఒక్కొక్క ముఖమే వెతికాడు. బిడ్డ ఎక్కడుందో తెలుసుకోవాలనే వచ్చాడు, కానీ కనబడకూడదని మొక్కుకుంటున్నాడు. గోడ పక్కన ఆకుపచ్చ చున్నీతో ఒక ఆడపిల్ల మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. పొద్దున రాజశ్రీ వేసుకున్నదీ అదే చున్నీ, అదే జడ.

ఆ పిల్ల తలెత్తింది. ఎవరి బిడ్డో. వెంకటికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఇంకొకరి బిడ్డ ఏడుస్తుంటే సంతోషపడినందుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపల ఉందో, దారిలో ఉండిపోయిందో ఖాయంగా చెప్పేవాళ్లు లేరు. మూడు గంటలు గేటు ఎదురుగా ఎండలో నిలబడ్డాడు. నీళ్లు తాగలేదు. ఆరున్నర బస్సు తలుచుకున్నాడు. మహేందర్ ముఖం తలుచుకున్నాడు. చెయ్యి ఊపిన తన చేతినే చూసుకున్నాడు.

ఒంటిగంటకు గేటు తెరిచారు. గుంపులోంచి రాజశ్రీ వచ్చింది. ముఖం అలసిపోయి ఉంది.

"రాసినవా బిడ్డా?"

"రాసిన. నేను జొచ్చినంకనే గేటు మూసిండ్రు."

వెంకటి తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు. పరీక్ష రాసింది, ఎవరికీ ఏమీ పోలేదు. కానీ ఆ మూడు గంటల ఎండ ఆయనను ఊరుకోనివ్వలేదు.

"రాజీ... పొద్దుగాల గా బస్సు... స్పెషల్ కాదు. ఆపిండు. నేనే పొమ్మన్న."

"తెలుసు బాపూ. మహేందరన్న పిలిచింది నాకు ఇనవడ్డది."

"మరి అప్పుడే అడగకపోతివి?"

"అడిగితే నువ్వు ఇంకోటి చెప్పెటోనివి. అది ఇనేటంత తీరిక నాకు లేకుండె."

కోపంగా కూడా అనలేదు. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, కారు దిక్కు చూడకుండానే బస్టాండు వైపు నడిచింది. వెంకటి కారుకు తాళం వేసి, పది అడుగులు వెనకగా ఆమె వెంట పోయాడు.