పగుళ్ళు లేని చోటు

నేను ఒక రోడ్డు ముక్కను. మరచెంబంత ఉంటాను. గుండ్రని ఒళ్ళు, నల్లని నిగారింపు, ఎక్కడా చిన్న గీత లేదు. అన్నం ఉడికిందో లేదో మనుషులు ఒక్క మెతుకు పట్టుకుని చెబుతారు కదా, కాలువ వంతెన నుంచి మిర్చి కోల్డ్ స్టోరేజీ దాకా ఉన్న హైవేకి ఆ మెతుకును నేనే.

కొండను పగలగొట్టి కంకర చేసి, కాగే తారులో కలిపి, నల్లరేగడి పొలాల మధ్య పరిచారు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద కాపురం ఏ రోడ్డుకూ కుదరదు. రోడ్డు పగిలినప్పుడల్లా తవ్వి చూడకుండా పైన ఇంకో పూత పూశారు, ముడతల మీద పౌడరు అద్దినట్టు. అలా నా ఒంట్లో నాలుగు పొరలు చేరాయి.

చివరికి రోడ్ల శాఖవారు ప్రణాళిక వేశారు. ఏ రోడ్డుకు పలచటి పూత చాలు, ఏ రోడ్డును అడుగుదాకా తవ్వి కట్టాలి అని తేల్చడానికి అక్కడక్కడా ముక్కలు కోయించారు. ఆపరేటరు మస్తాన్ వజ్రపు పళ్ళ గొట్టం దించి నన్ను పైకి తీశాడు. ల్యాబు నన్ను తూచి, కొలిచి, మెచ్చుకుంది. పెద్ద ఇంజనీరు, ఈఈ చెంచురామయ్యగారు నన్ను బల్ల మీద నిలబెట్టుకుని, మ్యాపు మీద మా రోడ్డుకు ఆకుపచ్చ రంగు వేసేశారు. అంటే పూత చాలు. నేను పొంగిపోయాను.

సంతకం పెట్టాల్సింది మాత్రం ఆయన కింది కొత్త ఇంజనీరు, ఏఈ హిమబిందు. ఆమెకు ఈమధ్యే పెళ్ళయింది. రోజూ భర్త సాకేత్ స్కూటరు వెనక కూర్చుని మా రోడ్డు మీదుగానే ఇంటికి వెళ్తుంది. గుంత వచ్చినప్పుడల్లా అతని నడుం పట్టుకుంటుంది. గుంత దాటాక వదలడం మరిచిపోతుంది. మొగుణ్ణి పట్టుకోవడానికి ఇన్ని సాకులిచ్చే రోడ్డుకు ఆకుపచ్చ ఎలా వచ్చిందన్నది ఆమె అనుమానం. తప్పు పూత పూస్తే ఒక్క వానాకాలానికి లేచిపోతుంది, మళ్ళీ ఈ రోడ్డు వంతు రావడానికి ఏళ్ళు పడుతుంది. కిందటి వానల్లో కలుపుకెళ్ళే ఆడవాళ్ళ ఆటో ఈ రోడ్డు మీదే బోల్తాపడి ఒకామె చెయ్యి విరిగింది.

ఒక సాయంత్రం ఆమె నన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బయలుదేరింది.

"సినిమాకి పోదామంటే బండరాయి తెచ్చావేంది బిందూ?" అన్నాడు సాకేత్.

"బండరాయి కాదు. పొరలు చూడు, ఎంత ముద్దొస్తన్నాయో."

నా పుట్టిల్లు చూపిస్తానని స్కూటరు ఆపించింది. నన్ను తీసిన గుంటను సిమెంటుతో పూడ్చిన గుర్తు అక్కడ ఉంది. అతను ఒంగి చూసి, చుట్టూ అంతా బీటలేననీ, నా చోటొక్కటే నున్నగా ఉందనీ అన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. రోడ్డు పొడుగునా నడిచి మిగతా గుర్తులూ చూసింది. అన్నీ నున్నటి చోట్లే. సినిమా పోయింది.

మర్నాడు అడిగితే మస్తాన్ దాచలేదు. "ఇరిగిన ముక్కలు ల్యాబోళ్ళు తీసుకోరు మేడం. అందుకే పగుళ్ళు లేని చోటు చూసి దించుతాం. అందరూ ఇంతే."

ఆమె పగుళ్ళ మీదే గొట్టం దించమంది. వచ్చింది ముక్క కాదు, చూర్ణం. నన్ను మళ్ళీ ఈఈ గారి బల్ల మీద నిలబెట్టి, దాన్ని గోతాంలో కట్టించి నా పక్కనే పెట్టించింది. ఆయన అప్పటికే పైవాళ్ళకు ఆకుపచ్చ అని చెప్పేశారు. ఈమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"పెళ్ళిచూపులకు ఎవరైనా మంచి చీరే కడతారమ్మా," అన్నారాయన, గోతాం వైపు చూడకుండా.

"మా ఆయన పెళ్ళిచూపుల్లో కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు సార్. అది చూసే ఒప్పుకున్నా."

ఈఈ గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "ఇప్పుడు మానేశాడా?"

"లేదు సార్. రోజూ ఒలకబోస్తాడు. కాకపోతే నాకు ముందే తెలుసు."

ఆయన గోతాం మూతి విప్పి గుప్పెడు తీశారు. అది వేళ్ళ సందుల్లోంచి జారి మ్యాపు మీద పడింది. తర్వాత పైవాళ్ళకు ఫోను చేసి, పొరపాటు తమదేనన్నారు. ఎర్ర పెన్సిలు ఆమెనే తెమ్మన్నారు.

రోడ్డును అడుగుదాకా తవ్వారు. పాత తారు పెళ్ళల్ని పిండిచేసి, గోతాంలోని చూర్ణాన్నీ కలిపి, కొత్త రోడ్డుకు అడుగు పొరగా పరిచారు. వాటి మీదుగా ఇప్పుడు బస్సులు పోతున్నాయి.

నన్ను మాత్రం పిండి చేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆఫీసు అద్దాల బీరువాలో, షీల్డుల పక్కన పెట్టారు. వచ్చినవాళ్ళంతా ఎంత గట్టి ముక్కో అంటారు. అవును, చాలా గట్టిదాన్ని. అటెండరు వారానికోసారి నా మీద దుమ్ము తుడుస్తాడు.